మా బావ విజిల్ వేస్తే అడవి ఆగాల్సిందే

మా బావ ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. బస్సు ఆయన్ని వదిలేసింది గానీ ఆయన బస్సును వదల్లేదు. మెడలో తాడుకు కట్టిన విజిల్ ఒకసారి ఊదనిదే ఎక్కడా ఆగడు, రెండుసార్లు ఊదనిదే ఎక్కడికీ కదలడు. స్నానాల గది ముందు మా అక్క ఒక్కతే నిలబడి ఉన్నా, "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీ!" అంటాడు.

అలాంటి మనిషిని వెంటేసుకుని ఎవరైనా రెండు రోజులు అడవిలో కొండెక్కుతారా? మేం ఎక్కాం. ఎక్కాలని పట్టుబట్టింది మా అన్నయ్య. ఆయన కాలేజీలో వృక్షశాస్త్రం మాస్టారు. ఇరవై ఏళ్ళుగా ఏటా విద్యార్థులను ఆ కొండమీదకు తీసుకెళ్ళి చెట్టూ చేమా చూపిస్తాడు. పోయిన వానాకాలంలో గుండె కాస్త మొరాయించింది. "ఎక్కండి గానీ, ఆగి ఆగి ఎక్కండి" అన్నాడు డాక్టరు. అన్నయ్యకు మొదటి మాటే వినిపించింది. "పిల్లలకంటే ముందు నేనోసారి ఎక్కి చూసుకుంటాను. ఎక్కలేకపోతే ఈ పని ఇంకొకరికి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటాను" అని తేల్చేశాడు. ఆయన ముందు 'కాసేపు కూర్చో' అనే ధైర్యం ఎవరికీ లేదు. వదిన ఒకసారి అని చూసింది. రెండు రోజులు ఆవిడతో మాటల్లేవు. అందుకని తోడుగా నేను బయల్దేరాను. ఎవరూ పిలవకుండానే బావ బయల్దేరాడు.

కొండ మొదట్లోనే విజిల్ రెండుసార్లు మోగింది. "రైట్ రైట్!"

"బావా, ఇది అడవి. డిపో కాదు," అన్నాడు అన్నయ్య.

"రూటు ఏదైనా రూలు రూలే మాస్టారూ! విజిల్ లేనిదే బండి కదలదు, విజిల్ లేనిదే బండి ఆగదు. నోటితో అరిస్తే చెల్లదు."

రెండు వందల అడుగులు వేశామో లేదో మళ్ళీ విజిల్. పక్కనే ఒక ఫెర్న్ మొక్క తప్ప ఇంకేమీ లేదు.

"ఈ స్టాపు పేరేంటి మాస్టారూ?"

"మొక్కకి స్టాపేంటి బావా!"

"పేరు తెలియని స్టాపునుంచి బండి ఎలా తియ్యమంటారు? పాసింజర్లు అడిగితే ఏం చెప్పను?"

అన్నయ్య పళ్ళు నూరుకుంటూ బండమీద కూలబడ్డాడు. కూర్చున్నాక ఎంతైనా మాస్టారు కదా, నోరు ఊరుకోదు. ఆకు తిరగేసి అడుగునున్న గోధుమరంగు చుక్కలు చూపించాడు. "ఇవి సిద్ధబీజాలు. దీనికి పువ్వూ లేదు, విత్తనమూ లేదు. ఈ పొడితోనే వంశం నిలబెట్టుకుంటుంది." పది నిమిషాల పాఠం. బావ నోరు తెరుచుకుని విన్నాడు. తర్వాత రెండు విజిళ్ళు. బండి కదిలింది.

తర్వాతి స్టాపు అత్తిపత్తి. బావ వేలు తగలగానే ఆకులన్నీ ముడుచుకున్నాయి. "లేడీస్ సీట్లో కూర్చున్న మగాడు కూడా అంతే, లేవమంటే చాలు నిద్రపోతాడు" అన్నాడు. ఆ తర్వాత ఒక పేడపురుగు తనకంటే పెద్ద ఉండను దొర్లించుకుంటూ దారికి అడ్డొచ్చింది. బావ చెయ్యి అడ్డం పెట్టి మా ఇద్దరినీ ఆపాడు. "ఇంత లగేజీ టాప్ మీద వేసుకోవాలమ్మా" అని పురుగుకు నచ్చజెప్పి, అది దారి దాటేదాకా కదలనివ్వలేదు. ఎక్కడో వడ్రంగిపిట్ట మాను పొడుస్తుంటే, "రేకు కొట్టకండి, అక్కడ స్టాపు లేదు!" అని ఆకాశంలోకి అరిచాడు.

గంటన్నరలో చేరాల్సిన వాగు దగ్గరికి నాలుగు గంటల్లో చేరాం. అన్నయ్య మొహం కందగడ్డయింది. గుడారం వేసుకుంటుంటే సందెవెలుగులో ఒక అడవిపంది పిల్లల్ని వెంటేసుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. నేను గుడారం వెనక్కి నక్కాను. బావ మాత్రం వేలితో లెక్కపెట్టాడు. "ఒక ఫుల్లు, అయిదు హాఫులు. ముందుకు జరగాలి, ముందుకు జరగాలి!" పంది ఒక్కసారి గుర్రుమని నిజంగానే ముందుకు జరిగిపోయింది.

పొద్దున్నే ఘోరం జరిగింది. బావ మొహం కడుక్కుంటూ విజిల్ తీసి రాతిమీద పెట్టాడు. కోతి ఒకటి వచ్చి పట్టుకెళ్ళిపోయింది.

"పీడా విరగడైంది!" అన్నయ్య పిల్లాడిలా నవ్వి, సంచీ భుజాన వేసుకుని నడక మొదలెట్టాడు. మిగిలింది నిలువునా ఉన్న ఆఖరి ఎత్తు. బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేయబోయాడు. ముందుపళ్ళు రెండూ లేవు, గాలి తప్ప ఏమీ రాలేదు. "హోల్డాన్! హోల్డాన్!" అని అరిచాడు.

"నోటితో అరిస్తే చెల్లదు. రూలు నీదే బావా!" అన్నయ్య ఇంకా వేగం పెంచాడు.

పెంచాడే గానీ, చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. బెరడు పరీక్షిస్తున్నట్టు చెట్టును పట్టుకుని నిలబడ్డాడు, మళ్ళీ కదిలాడు. అప్పుడు వెనకనుంచి పెద్ద కేక.

"అమ్మో! కాలు! కాలు పట్టేసిందిరోయ్!"

బావ కుడికాలు పట్టుకుని దారిలో అడ్డంగా పడిపోయాడు. అన్నయ్య గబగబా వెనక్కి వచ్చి పక్కన చతికిలబడ్డాడు. నేను పిక్క నొక్కాను. మెత్తగా ఉంది.

"బావా, ఇక్కడేం బిగుసుకోలేదే?"

"నోర్మూసుకుని నొక్కు" అన్నాడు పళ్ళబిగువున.

ఆయన చూపు కాలిమీద లేదు. అన్నయ్య గుండెమీద ఉంది. అది ఎగసి పడుతుంటే చప్పుడు లేకుండా పెదాలతో లెక్కపెడుతున్నాడు. నిన్న వేసిన స్టాపుల్లో ఒక్కటీ మొక్కకోసం వేసింది కాదని నాకప్పటికి వెలిగింది. అన్నయ్యకు ఆయాసం వచ్చిన చోటల్లా స్టాపే. ఏది పక్కనుంటే దాని పేరు అడిగాడు. కూర్చోమంటే కూర్చోని మనిషి, పాఠం చెప్పమంటే కూర్చుంటాడు మరి. దారి పొడుగునా బావను తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

ఊపిరి కుదుటపడగానే బావ "వదిలేసింది" అంటూ లేచాడు. శిఖరం చేరేలోగా ఆ కాలు ఇంకో అయిదుసార్లు పట్టేసింది.

పైన మబ్బులు మా పాదాల కింద ఉన్నాయి. అన్నయ్య చాలాసేపు కిందకి చూస్తూ నిలబడి, "ఎక్కేశాను" అన్నాడు. తర్వాత వచ్చి బావ పక్కన కూర్చున్నాడు.

"బావా, వచ్చే నెల పిల్లలతో వచ్చేటప్పుడు నువ్వు కూడా రావాలి."

"నేనెందుకు మాస్టారూ?"

"నీ కాలు బాగోలేదు కదా. నీకోసం ఆగుతూ ఆగుతూ ఎక్కుదాం. పిల్లలు కూడా ఏమీ అనుకోరు."

"నా కాలికేం..." అనబోయి బావ మింగేశాడు. "అవును. పాడు కాలు."

దిగడం మొదలెట్టాం. అన్న మాట నిలబెట్టుకోవాలి కాబట్టి బావ ఒంటికాలిమీద భారం వేసి, మూలుగుతూ, ఘోరంగా కుంటుతున్నాడు. అన్నయ్య ఆయన భుజం చుట్టూ చెయ్యివేసి నాలుగడుగులు నడిచాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"బావా, పట్టేసింది కుడికాలు."

బావ కిందకి చూసుకుని, కాలు మార్చి కుంటడం మొదలెట్టాడు.