వాగు ఒడ్డున దీవెన కొమ్మలు

నడుస్తూ మడమతో నేలని నొక్కి చూడటం తోదోసియాకి అలవాటు. మెత్తగా దిగిన చోట ఆగి, ఏప్రన్ జేబులోంచి ఒక విల్లో చెట్టు కొమ్మ తీసి గుచ్చుతుంది; తడినేలలో గుచ్చితే చాలు, అది వేళ్ళు తొడుగుతుంది. ఖర్జూర మట్టలు దొరకని మా చలి ఊళ్ళో, ఈస్టరు ముందొచ్చే మట్టలాదివారం గుడిలో దీవించి పంచేవి విల్లో కొమ్మలే. అందరం వాటిని ఇంట్లో దేవుడి పటం వెనక పెట్టి ఎండబెడతాం. ఈ ముసలావిడ మాత్రం గుడి గుమ్మంలో నిలబడి, అందరినీ అడిగి పుచ్చుకుని, ఆవులు మేసే వాలుకీ వాగుకీ మధ్య వరసగా నాటుతుంది. వాన పడితే వాలు మీది పేడంతా వాగులోకి దిగి నీళ్ళు నాచుపట్టేవి. వాగు పక్కనున్న కింది బావి నీళ్ళు పసిపిల్లలకి పట్టొద్దన్నాడు డాక్టరు.

"పటం వెనక ఉండాల్సినవి పేడలో గుచ్చుతావా అక్కా?" అని ఎగతాళి చేసేవాడు గవ్రీలా. మందలో సగం ఆవులు అతనివే. "వాగు దాకా పోనీకుండా ఆ పేడనీళ్ళు వేళ్ళే తాగేస్తాయిరా," అనేదావిడ. ఒకరోజు అతని ఆవే లేత చిగురు మీద మూతి పెట్టింది. గవ్రీలా టోపీ తీసి, శిలువ గుర్తు వేసుకుంటూ పరిగెత్తాడు. "ఒసే పాపిష్టిదానా, దీవించిన కొమ్మే అది!" అని అదిలించి, ఆ సాయంత్రమే వరస పొడుగునా ముళ్ళకంప వేశాడు. ఆవిడ నవ్వలేదు, కంప అందించింది. ఇప్పుడా చెట్లు మనిషెత్తు దాటాయి. వాగు అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. బావి మాత్రం ఇంకా బాగుపడలేదు; గవ్రీలా మనవరాలికి కొనుక్కొచ్చిన సీసా నీళ్ళే పడుతున్నారు. మొన్న మట్టలాదివారం అతను గుడి నుంచి ఇంటికి పోకుండా చేతిలో కొమ్మతో తిన్నగా వాగు దగ్గరికే వచ్చాడు.

"ఇదెక్కడ గుచ్చమంటావక్కా?"

తోదోసియా మడమతో నేల నొక్కి చూసి, అతనికి చోటిస్తూ పక్కకి జరిగింది.