దొంగమెట్టు

మా తమ్ముడు మిద్దెకు పోయే కట్టెమెట్లన్నీ బాగుచేయించి, ఒక్క మెట్టును మాత్రం కావాలనే వదిలేసినాడు. పైన కాపురం నేనొక్కణ్ణే గనుక దానిమీద రోజూ కాలు పెట్టేదీ నేనే, పడితే పడేదీ నేనే.

కోయిలకుంట్లలోని ఈ ఇల్లు మా నాయన కట్టించినది. పంపకాల్లో కింది భాగం తమ్మునికి, మిద్దె నాకు వచ్చినాయి; నడుమ మెట్లు ఇద్దరివీ అనుకున్నాం. ఆనాడు పెద్దమనుషుల ముందర జారిన ఒక మాటతో మా ఇద్దరికీ మాటలు పోయినాయి. నా ఇల్లాలు బతికినన్నాళ్లూ కింది సంగతులు ఆమె నోట పైకి వచ్చేవి. ఆమె పోయినాక అవీ ఆగిపోయినాయి. చిన్నప్పుడే బడి మానేసి, పొట్లాల కాగితాలు విప్పి చదువుతూ అక్షరం నేర్చినవాణ్ణి, పుస్తకాలతో పొద్దు పుచ్చుతాను గానీ, పుస్తకం మనిషిని తిన్నావా అని అడగదు కదా.

మన చిన్నతనంలో జొన్నమూటలు మిద్దె పైనే ఉండేవని నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. అందుకే మా నాయన వడ్రంగం చేసే వడ్లాయనను పిలిపించి మెట్లు బిగింపించినప్పుడల్లా, పైనుంచి మూడోదాన్ని వదులుగానే ఉంచమనేవాడు. పరాయివాడు కాలు వేస్తే అది కిర్రుమని ఇల్లంతా లేవాల, అదే దొంగమెట్టు. నేనూ తమ్ముడూ పైన ఆరబోసిన శనక్కాయలు జేబులకెత్తుకొని దిగేటప్పుడు, ముందు నేను దాన్ని దాటి, తర్వాత వాని చెయ్యి పట్టి దాటించేవాణ్ణి. వాని కాలు జారి మెట్టు అరిచిందంటే దెబ్బలు నాకే.

ఇప్పుడు మూటలూ లేవు, దొంగకు పనికొచ్చేదేదీ నా దగ్గర లేదు. ఊరంతా సిమెంటు మెట్లే, మనిషి ఎక్కినా దిగినా పక్కగదికి తెలియదు. మరి తమ్ముడు ఆ దొంగమెట్టునే వదిలింది ఎవరి కోసమని, ఇప్పుడు మెట్లు బాగుచేసిన వడ్లాయనను నిలదీస్తే, “దాని జోలికి పోవద్దన్నాడప్పా మీ తమ్ముడు. ఇద్దరూ ఒక్కింట్లోనే ఉండారు, నోర్లు లేవా? నడుమ నన్నెందుకు చీల మాదిరి కొడతారు?” అని రంపం సంచిలో వేసుకొని పోయినాడు.

ఒళ్లు మండింది. నేనే బిగిద్దామని సుత్తీ మేకులూ పట్టుకొని మెట్ల కిందికి దూరినాను. చూస్తే, ఆ మెట్టు అడుగున మాత్రం లావుపాటి టేకు పట్టె కొత్తగా కొట్టి ఉంది. పైన పలక కదులుతుంది, అరుస్తుంది, విరగమన్నా విరగదు.

సుత్తి చేతిలో ఉండగానే పోయి, వాకిట్లో కూర్చొని శనక్కాయలు ఒలుస్తున్న తమ్ముని ముందు నిలబడినాను. ఇన్నేండ్ల తర్వాత వానితో నేనాడిన మొదటి మాట, దాన్ని ఎందుకట్ల వదిలినావురా అన్నదే. వాడు తల ఎత్తలేదు. చేతిలోని కాయ ఒలిచి, గింజలు నా పక్కకు జరిపి అన్నాడు:

“అదీ బిగించేస్తే, పొద్దున్నే నువ్వు లేచినావో లేదో నాకెట్ల తెలియాలన్నా?”