నురగ మీద నేరం

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఆవిడ నేను చెప్పినదాంట్లో ముప్పావు వంతు తీసేసి వింటుంది, మిగిలిన పావు మీద కూడా అనుమానపడుతుంది. మీరూ అలాగే వినండి. ఏ ముక్క కల్పించానో చివర్లో నేనే చెప్పేస్తాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. పల్లం నుంచి వచ్చి పాడేరులో కొట్టు పెట్టుకున్నవాళ్ళం మేము. కొట్టు ముందు షాంపూ ప్యాకెట్ల దండలు ఎన్ని వేలాడేవంటే, మిట్టమధ్యాహ్నం కూడా లోపల లైటు వేసుకుని బేరం చేసేవాణ్ణి. సంత రోజున కొండ మీది ఆడవాళ్ళు బస్తాలతో కుంకుడుకాయలు తెచ్చి నాకమ్మి, పోతూ పోతూ తలో షాంపూ దండా మెళ్ళో వేసుకుని పోయేవారు. ఆ కుంకుళ్ళతో మా అమ్మ తలంటుకునేది.

అమ్మకి అడ్డపొగ అలవాటు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను: చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి తిప్పి పెట్టుకుని పీల్చడం. మా శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళలో చాలామందికి ఉండేది. నోట్లో నిప్పు పెట్టుకునే వంట చేసేది, అలాగే నన్ను తిట్టేది. ఘాట్ రోడ్డులో బస్సులు పగలే లైట్లు వేసుకుని వస్తుంటే అందరూ పొగమంచు అనుకునేవారు. అందులో సగం మా అమ్మది.

ఆవిడకి అంగిట్లో తెల్లటి మచ్చ ఒకటి లేచి, మధ్యలో పుండు పడింది. కారం తగిలితే కళ్ళ వెంట నీళ్ళు. చోడి అంబలి, అదే రాగి జావ, తప్ప ఏదీ దిగేది కాదు. సరిగ్గా అప్పుడే మా బావమరిది విశాఖపట్నం నుంచి ఒక కాగితం పట్టుకొచ్చాడు. కంప్యూటర్లో ఎవరో ఎవరికో పంపినదాన్ని ప్రింటు తీశాడట. షాంపూలోనూ టూత్‌పేస్టులోనూ నురగ కోసం కలిపే సోడియం లారిల్ సల్ఫేటుతోనే గ్యారేజీల్లో నేల కడుగుతారనీ, దాంతో కేన్సరొస్తుందనీ అందులో ఉంది. రాసినవాడి పేరు మాత్రం లేదు. బావమరిది దాన్ని వసారాలో కూర్చుని, వార్తలు చదివేవాడిలా గట్టిగా చదివాడు.

అమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. "నాను ఎప్పుడో అన్నాను. బొగ్గెట్టి తోముకున్నన్నాళ్ళూ నా నోటికేటైనా అయినాదేట్రా? నీ పెళ్ళాం పేస్టు పట్టించింది, నోరు పోయింది" అని, చుట్ట మళ్ళీ లోపల పెట్టుకుంది. నిప్పు లోపలికే.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పేస్టు దొంగసొత్తు. మా ఆవిడ ట్యూబుని బియ్యం డబ్బాలో దాచింది. ఇద్దరం పెరట్లో చాటుగా తోముకుని, మూతికి చుక్క నురగ లేకుండా తుడుచుకుని లోపలికొచ్చేవాళ్ళం. కుంకుడుకాయకి మాత్రం నురగ రాదా అని అమ్మని ఒకసారి అడిగి చూశాను. అది చెట్టు నురగ, ఇది కంపెనీ నురగ అంది. వాదన అక్కడితో సరి.

ఎలాగో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు చిన్నపిల్ల. టార్చి వేసి ఎంత లోపలికి చూసిందంటే, బొర్రా గుహలకి టిక్కెట్టు కొన్నవాళ్ళు కూడా అంత లోపలికి చూడరు. నేను కాగితం చూపించాను. నేల కడిగే మాట నిజమే కావచ్చు గానీ, ఎంత వేస్తున్నాం, ఎంతసేపు ఉంచుతున్నాం అన్నదే లెక్క అంది. పుక్కిలించి ఉమ్మేసేదానితో కేన్సరొస్తుందని ఎవరూ తేల్చలేదంది. కొందరికి ఆ నురగతో నోరు పొక్కుతుంది, పొర ఊడుతుంది, అలాంటివాళ్ళు నురగ తక్కువొచ్చే పేస్టు వాడుకుంటే సరిపోతుందట. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నురగ సంగతి వదిలేయండి మామ్మగారూ. ఆ మచ్చ చుట్టది. ముందది మానేయండి. విశాఖ వెళ్ళి చిన్న ముక్క తీయించుకుని పరీక్ష చేయించండి."

అమ్మ బుద్ధిగా విన్నది. బయటికొచ్చాక నా భుజం పట్టుకుని మెట్లు దిగుతూ, "ఉమ్మేసిన నురగకి బయం నేదంట, ఊదేసిన పొగకి బయమంట. పాపం, పిల్లగుంట, దానికేటి తెలుసు. మాయమ్మ కాల్సినాది, మాయమ్మమ్మ కాల్సినాది. ఆళ్ళు పేస్టెరుగుదురా?" అంది.

వాళ్ళమ్మ చివరి రోజుల్లో గంజి కూడా మింగలేకపోయేదని నాకు చెప్పింది అమ్మే.

ఆ సాయంత్రం అమ్మ వసారాలో కూర్చుని చుట్టని తిప్పి తిప్పి చూసింది. తీసుకెళ్ళి కాలవలో పారేసింది. "బస్సెప్పుడురా?" అంది. విశాఖలో ముక్క తీశారు, భయం లేదన్నారు, పుండు మానింది.

మాటిచ్చాను కాబట్టి చెప్పాలి. దండలు నిజమే, కొంచెం తక్కువ. పొగమంచంతా కొండదే. కల్పించింది ఆ చివరి ముక్క. కాలవలో పడింది చుట్ట కాదు, బియ్యం డబ్బాలో దొరికిన పేస్టు ట్యూబు. బస్సు మాట అమ్మ ఎత్తనేలేదు, నేను ఎత్తితే లేచి లోపలికి పోయేది.

రోజూ పొద్దున్నే కొట్టు తెరిచేసరికి వచ్చి, నా ముందు నోరు తెరిచి నిలబడేది. "సూడరా, తగ్గినాదేటి?" పేస్టు మానేసింది కదా, తగ్గి తీరాలని ఆవిడ లెక్క. ఆ మచ్చ దగ్గర మాత్రం నాకు ఒక్క ముక్క కల్పించడం చేతనయ్యేది కాదు. తగ్గలేదమ్మా అనేవాణ్ణి.

"అయితే షాంపూ గాలి తగుల్తంది. ఆ దండలు తీసీరా" అంది ఒక రోజు, చుట్ట వెలిగించుకుంటూ.

అన్నీ తీసి లోపల పెట్టాను. కొట్లోకి బోలెడు వెలుతురొచ్చింది. మర్నాటి నుంచి మచ్చ ఇంకా బాగా కనబడేది.