పురిటి గదిలో ఊట కుండలు

మంచం కింద బుడబుడమని చప్పుడవుతుంటే కప్పేమో అనుకున్నాను. వంగి చూస్తే రెండు పెద్ద కుండలు! మూతులకు గుడ్డ కట్టి ఉంది. పులిసిన బెల్లం వాసన గుప్పుమని కొట్టింది. కని ఇంకా పురిటి నీళ్ళైనా పోయలేదు, నా మంచం కిందే సారా ఊట పెట్టేశారా!

మద్యనిషేధం రోజులవి. బోగోలు అవతల సముద్రం ఒడ్డున మా అత్తవారి పల్లె. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు బెల్లం, తుమ్మచెక్క నానేసి ఊట పెట్టేవారు. అది పులిశాక కాచి సారా దించేవారు. మా అత్త చేతి సరుకంటే కావలి దాకా పేరు. ఆ పల్లెలో ఎవరింట్లో కాన్పయినా పురిటి గదిలోకి ఊట కుండలు చేరతాయని నాకప్పటిదాకా తెలియదు. మైలని ఏ పోలీసూ ఆ గడప తొక్కడు కదా! నాకు తల్లి లేదు గనక తొలి కాన్పు అత్తింట్లోనే జరిగింది. లేకపోతే నాకీ ఖర్మ ఎందుకు?

“ఇదేంది అత్తా, పసిబిడ్డ పక్కన?” అని గొంతు చించుకున్నాను.

“గమ్మునుండు మే. నీ పథ్యంలోకి నెయ్యి యాడినుంచి వస్తాందనుకున్నావు?” అంటూ ఆమె కుండకు చెవి ఆనించి వినింది. నెలలు నిండినప్పుడు నా కడుపుకూ అలాగే చెవి ఆనించేది. నా ఒళ్ళు మండిపోయింది.

ఒక మధ్యాహ్నం పోలీసులు పల్లెలోకి దిగారు. అత్త పరుగున వచ్చి కిటికీకి గోనెపట్టా కుక్కింది. “వాసన బయటికి రాకూడదు. వాళ్ళు పోయిందాకా తలుపు తీయబాకు” అని, బయటినుంచి తలుపు లాగి సందుల్లో పాత కోక దోపింది. పురిటి నీళ్ళు పోసేదాకా బిడ్డను చేటలో నేలమీద పడుకోబెట్టడం వాళ్ళ ఆచారం. పక్కనే రాత్రింబవళ్ళు దీపం వెలగాలి. అది ఆరితే బిడ్డకు దయ్యం గాలి సోకుతుందని భయం. అందుకే అత్త ఏటా ఆ గడపలో కోడిని కోసి మొక్కు తీర్చుకునేది.

“ఆ గదిలో ఏముందమ్మా?” అని హెడ్డు కానిస్టేబుల్ అడగడం వినిపించింది.

“కోడలు పురిట్లో ఉండాదయ్యా. మైల. మీరు రాకూడదు.”

అప్పుడే దీపం ఆరిపోయింది. గదిలో చిన్న గాలైనా లేదు. మంచం మీద కూర్చుని అగ్గిపుల్ల గీశాను, బాగానే వెలిగింది. దీపం దగ్గరికి దించగానే ఆరిపోయింది. ఇంకోటి గీశాను. అదీ అంతే. చీకట్లో బిడ్డను తడిమితే మెడ వాలిపోయింది. అమ్మో!

“అత్తా! దీపం ఆరిపోయింది! బిడ్డ పలకడం లేదత్తా!”

తలుపు ధడాలున తెరుచుకుంది. ఎదురుగా పోలీసులున్నారన్న ధ్యాసే లేదామెకు. బిడ్డను లాక్కుని వాకిట్లోకి ఉరికింది. బిడ్డ పెదాలు నీలమై ఉన్నాయి. అరికాళ్ళు చరిచింది, నోట్లోకి ఊదింది. “ఇంకోసారి వద్దు తల్లీ, ఇంకోసారి వద్దు” అని ఒకటే ఏడుపు. నేను గడప పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపటికో బిడ్డ కెవ్వుమంది. నేను అక్కడే కూలబడ్డాను.

హెడ్డుకు ఊట వాసన అందనే అందింది. అయినా అత్త అతన్ని పట్టుకునే చెప్పుకుంది. “దయ్యమయ్యా! దీపం ఆర్పేస్తది. నా కడగొట్టు బిడ్డ గూడా ఈ గదిలోనే పోయినాడు. అప్పుడూ ఇట్టానే దీపం ఆరిపోయింది.”

“దయ్యం కాదమ్మా, ఊటలో పుట్టే గాలి. నేలబారునే నిలబడుద్ది. ఊట దాచిన గుంతలోకి దిగేముందు మేము లాంతరు దించి చూస్తాం. ఆరిపోతే మనిషి దిగడు” అన్నాడతను.

అత్త బిడ్డనెత్తుకునే గదివైపు తిరిగింది.

“అప్పుడూ మంచం కింద కుండలుండాయి. నేనే పెట్టినా” అంది.

ఇన్నేళ్ళూ ఆమె కోళ్ళు కోసింది ఏ దయ్యానికి?

పోలీసులు గదిలోకి రావలసిన పనే పడలేదు. అత్త బిడ్డను నా ఒళ్ళో పెట్టి తనే లోపలికి పోయింది. కుండలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి మోసుకొచ్చి హెడ్డు కాళ్ళ దగ్గర పెట్టింది. వాళ్ళ వెంట నడవబోతూ ఒక్కసారి నావైపు తిరిగింది.

“బిడ్డను మంచం మీద పడుకోబెట్టుకో మే. చేటలో వద్దు.”