ఎండకు మూసిన కళ్ళు

1989 మే నెల. పాల్వంచ బస్టాండు వెనక వీధిలోని నా కెమెరా రిపేరు దుకాణానికి, థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేసే సమ్మయ్య ఒక ఎలక్ట్రానిక్ షట్టర్ కెమెరా తెచ్చాడు. 1978లో తయారైనది, సెకండ్ హ్యాండులో కొన్నాడు.

"మా నాయిన ఫోటో తియ్యాలె సార్. దమ్ము బాగ ఎక్కువైంది, ఊపిరి ఆడ్తలేదు. జర జల్దీ చూడుండ్రి."

ఆ పెద్దాయన బొగ్గుగనిలో పనిచేసి రిటైరై, ములకలపల్లి దగ్గర ఊళ్ళో ఉంటున్నాడు. గుర్తింపు కార్డు మీది ఫోటో చెమటకు చెరిగిపోయింది. సమ్మయ్య తల్లికైతే, పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి తీసినదే ఏకైక ఫోటో. ఆ రోజుల్లో మా వైపు అది మామూలే. స్టూడియోలో టచింగ్ చేసే మనిషి మూసిన రెప్పల మీద కుంచెతో తెరిచిన కళ్ళు వేసేవాడు.

"గవి మా అమ్మ కండ్లు కాదు సార్, ఎవరివో. నాయినకు గట్ల కావద్దు."

ఇటువంటి కెమెరాలో షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించేది కెపాసిటర్, అంటే కొద్దిపాటి విద్యుత్తును నిలువ చేసే చిన్న భాగం. పరీక్షించాను. బ్యాటరీ ఆరు వోల్టులు. అన్ని వేగాలూ హద్దులోనే ఉన్నాయి. అయితే 1978 కూడా ఒక అంకే. కెపాసిటర్ ఏళ్ళు గడిచేకొద్దీ లోపల ఎండిపోతుంది. ఇంకెంత కాలం పనిచేస్తుందో ఏ మీటరూ చెప్పదు.

"ఇవాళ్టికి సరిగ్గా ఉంది, రేపటికి మాట ఇవ్వలేను," అన్నాను. "డయల్ మీద ఈ 125 ఒక్కటే బ్యాటరీతో పనిలేని వేగం. దీనికి నీడలో వెలుగు చాలదు, ఎండలో కూర్చోబెట్టి దీంతోనే తియ్యి."

సమ్మయ్య నవ్వాడు. "అవ్ సార్, కానీ నాయినను ఎండలకు తెచ్చుడు మీతోని గూడ కాదు. ఇన్నేండ్లు భూమి లోపల తిరిగిన మనిషి. ఎలుతురు సూస్తె తిట్లందుకుంటడు."

జూన్‌లో గుండుతో వచ్చి, రీలు నా చేతిలో పెట్టాడు. తండ్రి పోయాడు, దినాలు కూడా అయిపోయాయి.

"పోయినంక ఫోటో తియ్యనియ్యలె సార్. రీల్ల నవ్విన ఫోటోలు ఉన్నయి గద."

కడిగి చూస్తే మొదటి ఫ్రేము తప్ప రీలంతా ఖాళీ.

"మొదటిది మీరన్నట్లే తీసిన," అన్నాడు. "'ఏందిరా, నన్ను పొయ్యిల పెడుతున్నవా' అని కండ్లు గట్టిగ మూసిండు. కండ్లు తెరుస్తడని వసారలకు జరిపి డయల్‌ను ఆటోల పెట్టిన. తెరిచిండు. నవ్విండు గూడ. టక్కుమని సప్పుడు ప్రతిసారీ వచ్చింది సార్!"

విప్పి చూశాను. కెపాసిటర్ లోపలి అతుకు విడిపోయింది, బహుశా మే నెల వేడికే. షట్టర్ తెరుచుకుంటూనే మూసుకుంది. చప్పుడు మాత్రం మారదు.

మొదటి ఫ్రేము ప్రింటు వేసి ఇస్తూ, కళ్ళు వేయించమంటావా అని అడిగాను.

"వద్దు సార్. ఇవి ఆయన మూసిన కండ్లే."

నీడలో కూడా తీయగల, బ్యాటరీ అవసరం లేని పాత కెమెరా ఒకటి, అతను మొదటిసారి వచ్చిన రోజు నా అరలోనే ఉంది. ఎండ సంగతి సమ్మయ్య నవ్వుతూ చెప్పనే చెప్పాడు. అందులో అంకె లేదు కనుక నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత ఎవరు కెమెరా తెచ్చినా, మీటరు తీయకముందే అడిగేవాణ్ణి: ఎవరిని తీస్తావు, ఎక్కడ కూర్చోబెడతావు?