రోడ్డు కంటే ముందు వాగు

2021 సెప్టెంబర్. వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రానికి దగ్గర్లో ఒక చిన్న వాగు. దాని మీదుగా పోయే రోడ్డు కింద పాత కల్వర్ట్, అంటే మన తూమే, ఉండేది. దాని నోరు నీటికి నడుమెత్తున వేలాడేది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చే సాల్మన్ చేపలు అక్కడ తల బాదుకుని వెనక్కి పోయేవి. దాన్ని తీయించాలని అక్కడి నేటివ్ అమెరికన్ తెగవాళ్లు ఏళ్ల తరబడి పోరాడి గెలిచారు. ఆ చోట వాగంత వెడల్పు వంతెన కట్టించే పని కౌంటీ, అంటే అక్కడి జిల్లా యంత్రాంగం, ఇంజనీర్‌గా నాకు అప్పగించింది.

వాగులో పనికి ఫిష్ విండో అని ఒక గడువుంటుంది. చేపలొచ్చేలోపు మనుషులు, యంత్రాలు నీళ్లలోంచి బయటికి వచ్చేయాలి. మేం అప్పటికే వెనకబడ్డాం. వాగును ఇంకా పక్కనున్న పైపులోంచి మళ్లిస్తున్నాం. రోడ్డు మూసేశామని ఊరంతా చుట్టు తిరిగి వెళ్తూ నన్ను తిట్టుకుంటోంది. ముందు రోడ్డు పూర్తి చేద్దాం, వాగు సంగతి వచ్చే ఏడు చూద్దామన్నాడు కాంట్రాక్టర్ గ్రెగ్.

తెగ తరఫున చేపల వ్యవహారం చూసే మార్లీన్ నాకంటే పెద్దావిడ. ఆ రోజు భోజనాల దగ్గర ఆవిడకి మా గోదావరి పులస గురించి చెప్పాను. అదీ సముద్రం నుంచి ఎదురీదుతూ వస్తుందనీ, పుస్తెలమ్మయినా పులస తినాలంటారనీ, పుస్తెలంటే ఏమిటో కూడా. ఆవిడ నవ్వి, చేతిలోని శాండ్‌విచ్ పక్కన పెట్టింది.

"మావాళ్లు ఈ ఏడు వలలే వెయ్యలేదు సత్యా. ప్రభుత్వంతో పాత ఒప్పందం ప్రకారం పట్టుకునే హక్కు మాది. అయినా మానుకున్నాం, మిగిలిన కాసిని చేపలైనా ఈ వాగెక్కుతాయని."

ఈ ఏడు దారి తెరుచుకోకపోతే వాళ్లు నోరు కట్టుకున్నదంతా బూడిదలో పోసిన పన్నీరే.

ముందు వాగు వదులుదామని గ్రెగ్‌తో అన్నాను.

"మరి కౌంటీ వాళ్లకి ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తాను. డ్రాయింగ్ మీద స్టాంప్ నాది."

స్టాంప్ అంటే ఇంజనీర్ లైసెన్స్ ముద్ర. తేడా వస్తే తల నాదే. కౌంటీ ఆఫీసులో చెప్పాను, చీవాట్లు తిన్నాను, మాట మార్చలేదు. ఇన్నేళ్ల సర్వీసులో గొంతు తగ్గించడం నాకింకా అలవాటు కాలేదు.

గడువులోపల అడుగున గులకరాళ్లు పరిచి వాగును దాని దారిలోకి వదిలాం. పైన రోడ్డు మాత్రం ఇంకా మట్టే.

తొలి వానలు పడ్డాక మార్లీన్ ఫోన్ చేసి రమ్మంది. వెళ్లేసరికి వంతెన కింద ఎర్రటి వీపొకటి నీటిని చీల్చుకుంటూ పైకి పోతోంది. దాని వెనకే మరొకటి. ఆవిడ ఏడుస్తోంది. నాకూ ఏడుపాగలేదు.

"పట్టుకోవాలని లేదా?" అని అడిగాను.

"ఎందుకు లేదు," అంది, చేతులు జేబుల్లోంచి తీయకుండానే.

పులస కోసం పుస్తెలమ్మమనే ఊళ్లో పుట్టినదాన్ని నేను. అంత ఇష్టమైనదాన్ని పోనిచ్చి ఒడ్డున నిలబడటానికి ఎంత గుండె కావాలో ఆ రోజు చూశాను. ఇప్పుడు ఏ వాగు పనికి వెళ్లినా, ఈ దారి కోసం ఎవరు ఏం మానుకున్నారని ముందు అడుగుతాను. డిజైన్ ఆ తర్వాతే.