జింకల దారికి అడ్డం పెట్టిన కంప

ఎవరికైనా చెప్పుకుంటే ఈ బరువు తగ్గుతుందని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు. దేవుడి ముందు కూడా చుట్టూ తిప్పి చెప్పానే గాని, ఉన్నదున్నట్టు చెప్పలేదు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో మా ఊరి పక్క గిద్దలూరు రోడ్డు వెడల్పు చేశారు. పనులకూ కాలేజీలకూ పోయే ఆటోలతో, బస్సులతో ఆ రోడ్డు ఎప్పుడూ ఖాళీ ఉండదు. జింకలు కొండ దిగి నీళ్లకు వచ్చే చోట, వాటి కోసమే రోడ్డు కింద ఒక దారి కట్టారు. మనిషి నిలబడి నడవొచ్చు. లోపల చల్లగా ఉండేది.

మాకు మేకలున్నాయి. ఎండకు మేకపిల్లలు సోలిపోతుంటే వాటిని అందులోకి తోలి, రెండు వైపులా ముళ్లకంప అడ్డం పెట్టేదాన్ని, దొడ్డికి పెట్టినట్టే. ఏది దొరికినా దేవుడిచ్చాడని దండం పెట్టుకోవడం నాయన నేర్పాడు. బడికి పోని నాకు ఈ అక్షరాలూ ఆయన నేర్పినవే. ఆ నీడకూ దండం పెట్టుకున్నాను. జింకలకిచ్చింది నాకిచ్చిందని ఎట్లా అనుకున్నాను?

పొద్దు వాలేసరికి కంప తీసేయమని అడవి గార్డు చెప్పాడు. తీసేదాన్ని. ఒక శనివారం దీపం వేళ మించిపోతుందని మేకలను ఇవతలికి తోలుకుని, కొండవైపు కంప రేపు తీద్దాంలే అని వచ్చేశాను.

ఆ మసక వెలుగులో, మా వీధిలోనే ఉండే ఆటో నడిపే అన్న సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాడు. కాలు పోయింది. జింక అడ్డమొచ్చిందన్నాడు. కింద దారి ఉండగా పైకెందుకొస్తుంది, తాగి నడిపాడని అందరూ అన్నారు.

తెల్లవారుతూనే పోయి కంప లాగేశాను. కొండవైపు మట్టిలో జింకల అడుగులు కంప దాకా వచ్చి, పక్కకు మళ్లి, రోడ్డు గట్టెక్కాయి. మేకలు కాసేదాన్ని, ఏ అడుగు దేనిదో నాకు తెలుసు. కొమ్మతో చెరిపేశాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన కర్రల మీద మా ఇంటికి వచ్చాడు. వసారాలో పడుకున్న మేకపిల్లను చూసి నవ్వాడు.

"ఏంది చెల్లె, దీనికి గూడ పూజ నేర్పుతాండావా?" అని, ఆ తర్వాత మెల్లగా అన్నాడు. "నువ్వు రోజూ ఆడనే ఉంటావు గదా. జింకలు పైకెక్కుతాయని ఒక్క మాట చెప్పు. నీ మాటైతే ఊరు నమ్ముతాది. మీ వదిన గూడ నా నోరు వాసన చూస్తాంది."

"నేనెప్పుడూ చూడలేదన్నా."

ఆయన చంకల కింద కర్రలు సర్దుకున్నాడు. "పోనీలే తల్లీ. చూడనిది చూసినానని నువ్వెట్ల చెప్తావు."

నేను అబద్ధమాడనని నమ్మి వెళ్లాడు. ఎందుకట్లా అన్నాను? కేసు అవుతుందని భయమా? అదొక్కటే అయితే ఎప్పుడో చెప్పేసేదాన్నేమో. ఊళ్లో నన్ను భక్తురాలని గౌరవంగా చూస్తారు. ఆ చూపు పోగొట్టుకోలేక ఆయన పేరు పోనిచ్చాను.

ఆయన ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నాడు. ఎదురైతే చెల్లె అనే పిలుస్తాడు. ఆ ముఖం చూసి ఇది చెప్పగలనో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాయగలిగాను, అంతవరకు దేవుడికి దండం.

ఆయన ఆ రోజు తాగలేదు. జింక పైకి వచ్చింది. దాని దారి మూసింది నేను.